కవాటము మారిన పిదప

చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి భాగ్యనగరమునకు తరలి వచ్చి, జూబ్లీ హిల్స్ బండరాళ్ళ నడుమ స్టూడియోలను, ఫిలిం నగర్ వీథులను నిర్మించుకొనుచున్న కాలమున, మన ప్రముఖులకు గుండెజబ్బు చేసినచో అమెరికా ప్రయాణమే శరణ్యముగా తోచెడిది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1974లో అచ్చట హృదయ శస్త్రచికిత్స చేయించుకొని తిరిగివచ్చి, హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పి, 2014లో తొంబదియవ ఏట కన్నుమూయు వరకు నటనను విడువలేదు. నందమూరి తారక రామారావుగారు 1984లో ముఖ్యమంత్రి పదవిలో నుండగనే అచ్చటికి పోయి గుండె ఆపరేషన్ చేయించుకొని వచ్చిన కొలది దినములకే పదవీచ్యుతులగుటచే, ఆ చికిత్స పేరు తెలుగునాట ప్రతి రచ్చబండ మీదను వినబడినది. మరి నాలుగేండ్లకు, 1988లో, ఆ జూబ్లీ హిల్స్ మీదనే అపోలో వైద్యశాల వెలసినది. ఇప్పుడు ఫిలిం నగర్ వాసి గుండె కవాటమును మార్పించుకొనవలసి వచ్చినచో విమానమెక్క నవసరము లేదు; ఆటోలో పోయి రావచ్చును.

ఇది సామాన్యమైన అభివృద్ధి కాదని నేను మనఃపూర్వకముగా నమ్ముదును. అయినను, ఈ నగరములో కవాటము మార్పించుకొని ఇల్లు చేరిన రోగులలో తమ ఎదలో అమర్చినది ఏ జాతి కవాటమో, తాము ప్రతిదినము మ్రింగు మాత్ర ఏల మ్రింగుచున్నారో, దానిని మానినచో ఏమగునో చెప్పలేనివారు పెక్కుమంది యుండుట నన్ను చాలకాలముగా బాధించుచున్నది. శస్త్రవైద్యుని చేతిలోని పని నాలుగైదు గంటలలో ముగియును. రోగి చేతిలోని పని ఆతని జీవితాంతము వరకు సాగును. ఈ రెండవ పనిని ఆతనికి ఆతని భాషలో, ఆపరేషన్‌కు ముందుగనే బోధించుట చికిత్సలో అంతర్భాగమే కాని, తీరిక దొరకినచో చేయదగిన ఉపకారము కాదనియే ఈ వారము నా విన్నపము.

గుండె ఆపరేషన్లన్నియు ఒక్కటి కావు. బైపాస్ అనునది గుండెకు రక్తము నందించు నాళములు పూడిపోయినపుడు చేయునది. కవాటముల జబ్బు దానికి భిన్నమైనది. హృదయములో నాలుగు కవాటములు కలవు. రక్తమును ముందునకే పోనిచ్చి వెనుకకు రానీయకుండుట వాని ధర్మము. అవి దినమునకు ఇంచుమించు లక్షసార్లు తెరచుకొని మూతపడుచుండును. తలుపు బిగిసిపోయి తెరచుకొనకపోవుట యొక జబ్బు, వదులై సరిగా మూతపడకుండుట మరియొక జబ్బు. రెండింటను భారము గుండె కండరము మీదనే పడును. మెట్లెక్కునపుడు ఆయాసము, వెల్లకిల పండుకొనినచో ఊపిరాడకుండుట, పాదముల వాపు, గుండెదడ, ఒక్కొక్కప్పుడు శ్రమ చేయుచుండగా స్పృహ తప్పుట — ఇవి దాని లక్షణములు.

వృద్ధులలో మహాధమని కవాటమునకు సున్నము పేరుకొని ఈ జబ్బు వచ్చును. కాని మన దేశమందలి పేదవారిలో దీనికి మూలము బాల్యమునందే పడుచున్నది. అయిదేండ్లకును పదునైదేండ్లకును నడుమనున్న బిడ్డకు స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవివలన గొంతునొప్పి వచ్చి, దానికి సరియైన మందు పడక, కొన్ని వారములకు కీళ్ళు ఒకదాని తరువాత నొకటి వాచి, జ్వరము వచ్చి తగ్గును. ఇరుకు ఇండ్లలో పదిమంది కలిసి నిద్రించు చోట ఈ రుమాటిక్ జ్వరము తఱచుగా కనిపించును. కీళ్ళ నొప్పి మాయమగును. కవాటమునకు తగిలిన దెబ్బ నిలిచిపోవును. ఇరువది ముప్పది యేండ్లు వచ్చు వరకు, ఆడుబిడ్డలకైతే తొలి కాన్పు వరకు, అది బయటపడకపోవచ్చును. చిన్నతనముననే గుర్తించి మూడు వారముల కొకసారి పెన్సిలిన్ సూది వేయించినచో కవాటము మరింత చెడకుండ కాపాడవచ్చును గనుక, గొంతునొప్పియే కదా యని ఏ తల్లియు ఉపేక్షింపరాదు.

కవాటము చెడినదని తెలిసిన ప్రతివానికిని వెంటనే ఆపరేషన్ కావలెనని లేదు. ఎకో పరీక్షలో స్వల్పమైన లీకు కనిపించినవారు పెక్కుమంది సంవత్సరముల తరబడి పరీక్షలు చేయించుకొనుచు సుఖముగా జీవింతురు. బిగిసిన మిట్రల్ కవాటమును, దాని రెక్కలు అనుకూలముగా నున్నచో, ఎదను కోయకయే, తొడవద్ద రక్తనాళము గుండ బెలూనును పంపి తెరువవచ్చును. లీకగుచున్న కవాటమును మార్చక మరమ్మతు చేయ వీలున్నచో అదియే మేలు. ఏలయన సొంత కవాటమునకు సాటియైన కృత్రిమ కవాటము ఇంకను పుట్టలేదు. కావున రోగి వైద్యుని అడుగవలసిన తొలి ప్రశ్న — బాగుచేయుటకు వీలు లేదా, మార్చియే తీరవలెనా అని. గుండె కండరము పూర్తిగా అలసిపోవు వరకు భయముతో వాయిదా వేయుట కూడ అంతే ప్రమాదకరము.

మార్చవలసియే వచ్చినచో, ఏది అమర్చవలెననునది రెండవ ప్రశ్న. 1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అను యువ శస్త్రవైద్యుడును, లోవెల్ ఎడ్వర్డ్స్ అను విశ్రాంత ఇంజనీరును కలిసి, పంజరములో బంతి వంటి కవాటమును నిర్మించి మానవ హృదయములో విజయవంతముగ నిలిపిరి. ఎడ్వర్డ్స్ సంపూర్ణ హృదయమునే నిర్మింప దలచి రాగా, ముందు ఒక కవాటముతో మొదలిడుదమని స్టార్ ఒప్పించెనట. మన దేశములో తిరువనంతపురమందలి శ్రీ చిత్రా సంస్థలో వైద్యుడు వలియాథన్‌గారి నాయకత్వమున మూడు నమూనాలు విఫలము కాగా, నాల్గవది 1990 డిసెంబరు 6వ తేదీన తొలిసారిగా ఒక రోగికి అమర్చబడినది. విదేశీ కవాటము వెల భరింపజాలని అసంఖ్యాకులకు ఈ చిత్రా కవాటము ప్రాణము పోసినది.

లోహ కవాటము చిరకాలము మన్నును. కాని దాని మీద రక్తము గడ్డకట్టకుండుటకు రక్తము పలుచన చేయు మందును యావజ్జీవము వాడవలెను. ఆవు హృదయావరణముతో గాని, పంది కవాటముతో గాని తయారైన జంతుకణజాల కవాటమునకు ఆ మందు సామాన్యముగా కొన్ని నెలలు చాలును. కాని అది పది పదునైదేండ్లకు శిథిలమగును, వయస్సు తక్కువైన కొలది త్వరగా చెడును. అందుచే ఏబది లోపు వారికి లోహమును, అరువదియైదు దాటినవారికి కణజాలమును వైద్యులు సాధారణముగా సూచింతురు. ఇచ్చట రెండు విషయములు మొగమాటము లేక మాటలాడుకొనవలెను. బిడ్డలను కోరు యువతికి, గర్భము యొక్క తొలినెలలలో ఈ మందు శిశువునకు హాని చేయగలదని ముందుగనే చెప్పవలెను. ఆమె మరియొక ఆపరేషన్‌కు సిద్ధపడి కణజాలమును కోరుకొనవచ్చును, లోహమునే యెంచుకొనినచో గర్భము దాల్చుటకు ముందే వైద్యుని సంప్రదింపవలెను. ఇక కవాటము ఏ జంతువునుండి వచ్చినదో తెలిసికొనుటకు ప్రతి మతస్థునకును హక్కు కలదు. ఎదలో అమర్చిన పిదప తెలిసి మనస్తాపము చెందుట కంటె, ముందుగ నెఱిగి నిర్ణయించుకొనుట మేలు. వృద్ధులకు తొడ రక్తనాళము ద్వారా మహాధమని కవాటమును అమర్చు పద్ధతి 2002లో ఫ్రాన్సులో అలెన్ క్రిబియే చేతిలో మొదలై మన నగరమునకును వచ్చినది. దాని వ్యయము మాత్రము ఇప్పటికిని సామాన్యునికి భారమే.

ఆపరేషన్‌కు ముందు దంతములను పరీక్షింపించుకొనవలెను. పుచ్చిన పంటిలోని సూక్ష్మజీవులు రక్తములో జొరబడి క్రొత్త కవాటము మీద గూడు కట్టగలవు. ఆ దినమున ఎదయెముకను కోసి, గుండెను నిలిపివేసి, ఊపిరితిత్తుల పనిని, గుండె పనిని ఒక యంత్రమునకు అప్పగించి కవాటమును కుట్టుదురు. మెలకువ వచ్చునప్పటికి గొంతులో గొట్టముండును, మాట రాదు. ఈ సంగతి ముందుగ తెలిసినవాడు భయపడడు. తరువాతి దినములలో దగ్గునపుడు దిండును ఎదకు హత్తుకొని దగ్గుమందురు. మూడు బంతులున్న చిన్న పరికరములో ఊపిరి పీల్చి బంతులను పైకి లేపుమందురు. వారము పది దినములలో ఇల్లు చేరినను, ఎముక అతుకుటకు ఆరు నుండి ఎనిమిది వారములు పట్టును, అంతవరకు బరువులెత్తరాదు. లోహ కవాటము పెట్టినవారికి నిశిరాత్రి గడియారము వంటి టిక్కు టిక్కు శబ్దము ఎదలో వినిపించును. అది కవాటము మూతపడు శబ్దమేయని తెలిసినచో నిద్ర పట్టును. ఆ శబ్దము ఒక్కసారిగ మందగించి ఆయాసము వచ్చినచో క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి పరుగెత్తవలెను.

ఇప్పుడు మాత్ర సంగతి. కృష్ణానగర్ కూడలిలో తెల్లవారకమునుపే షూటింగు బండ్ల కొరకు ఎదురుచూచు లైట్‌మన్లను, జూనియర్ ఆర్టిస్టులను, డాన్సర్లను తలచుకొని ఈ భాగమును వ్రాయుచున్నాను. రక్తము ఎంత పలుచబడినదో తెలుపు పరీక్షను ఐ.ఎన్.ఆర్. అందురు. మందు వాడనివానికి అది ఒకటి చుట్టు నుండును. లోహ కవాటము మహాధమని స్థానమున నున్నవారికి సామాన్యముగా రెండు మూడింటి నడుమను, మిట్రల్ స్థానమున నున్నవారికి రెండున్నర మూడున్నరల నడుమను ఉండవలెను. తగ్గినచో గడ్డకట్టి పక్షవాతము రావచ్చును. మించినచో మెదడులోనో కడుపులోనో రక్తస్రావము కావచ్చును. అందుచే అంకె నిలకడకు వచ్చిన పిదప కూడ నెలకొకసారి పరీక్ష తప్పదు. అవుట్‌డోర్ షూటింగునకు నెలదినములు పోయినవాడు పరీక్ష మానును. రాత్రి కాల్షీటు పడినవాడు మాత్ర మరచి మరునాడు రెండు వేసికొనును. బరువైన లైట్లు మోసి నడుము పట్టినవాడు మందుల దుకాణములో నొప్పిబిళ్ళ అడిగి మ్రింగును. ఈ మూడును ప్రాణము మీదికి తెచ్చునవే. తోటకూర, పాలకూర, గోంగూర మానవలసిన పని లేదు. ఒక వారము అసలు తినక మరువారము ప్రతిపూట తినుట కూడదు, నిత్యము ఒకే పాళ్ళలో తినవలెను. ఈ పాత మందుకు బదులుగా వచ్చిన క్రొత్త బిళ్ళలు లోహ కవాటము గలవారికి పనికిరావు. పన్ను తీయించుకొనుటకు ముందు వైద్యునితో కవాటము సంగతి చెప్పవలెను. జ్వరము కొన్ని దినములు విడువకున్నచో, ఎవరో ఇచ్చిన యాంటీబయాటిక్ మ్రింగక ముందే రక్తపరీక్ష చేయించుకొనవలెను. కవాటము జాతి, పరిమాణము తెలుపు కార్డును ఎల్లప్పుడును జేబులో నుంచుకొనవలెను.

పేదవానికి గుండె ఆపరేషన్ అందరాని ఫలమై యుండిన కాలము నేను చూచితిని. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన పిదప తెల్లకార్డు గలవాడు కూడ కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కగలిగెను. 2023 డిసెంబరులో తెలంగాణములో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగినది. గుంటూరు ప్రభుత్వ వైద్యశాలలో నిరుపేదలకు గుండె ఆపరేషన్లు చేసిన వైద్యుడు ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలేగారిని 2016లో పద్మశ్రీ వరించినది. ఇంత చేసిన సమాజము తక్కిన కొంచెమును చేయకుండుట తగునా? లక్షలు వెచ్చించి అమర్చిన కవాటము, కొలది వందల రూపాయల పరీక్ష నెలనెలా జరుగక గడ్డకట్టిపోవుట కంటె శోచనీయమైన దుర్వ్యయము వేరొకటి కలదా?

కావున వైద్యశాలల వారికి నా ప్రార్థన: ఆపరేషన్‌కు సంతకము తీసికొను పత్రమును చదువ వచ్చిన తెలుగులో నుంచుడు, సంతకమునకు ముందు రోగిని, ఇంటివారిని కూర్చుండబెట్టి, కవాటము ఎన్నికను, మాత్ర నియమమును ఒక నర్సు చేతనైనను అర్ధగంట సేపు చెప్పింపుడు, వారు విన్నది తిరిగి వారి నోట చెప్పించుకొనుడు. చలనచిత్ర కార్మిక సంఘముల పెద్దలకు నా ప్రార్థన: 24 శాఖలలో పనిచేయు మీ సభ్యులలో కవాటము మార్పించుకొన్నవారి జాబితా నొకటి వ్రాసికొని, నెలకొక దినమున సంఘ కార్యాలయమందే ఆ రక్తపరీక్ష జరుగునట్లు ఏర్పాటు చేయుడు, దూరప్రదేశములకు యూనిట్ పోవునపుడు అట్టివాడు పరీక్ష చేయించుకొనెనో లేదో ప్రొడక్షన్ మేనేజరు అడుగునట్లు నియమింపుడు, జబ్బు సంగతి చెప్పినచో పని పోవునన్న భయమును ఆతని మనస్సునుండి తొలగింపుడు. కాళ్ళ మీద నిలిచి పని చేసికొనగలిగినవానికి పని నిరాకరించుట అన్యాయము. వెండితెర మీద ఎంతటి క్లిష్టమైన కథనైనను పామరునకు బోధపడునట్లు చెప్పగల నేర్పు మీకున్నది. ఒక మాత్ర, ఒక పరీక్ష, ఒక కార్డు — ఈ మూడింటిని గూర్చి అయిదు నిమిషముల చిత్రము నొకదానిని తీసి ఆసుపత్రుల వరండాలలో నిరంతరము చూపించినచో, దానివలన నిలుచు ప్రాణములు మీ సోదర కార్మికులవే యగును.