కుర్చీ నింపేటోళ్లం కాదు, ఆట చూసేటోళ్లం

ఖతర్‌ల ఉన్న అన్నలూ, తమ్ముళ్లూ, జర పొడుగు పోస్టే, శుక్రవారం తీరికగ చదువుండ్రి. కోపం వస్తే మమ్మల్ని తిట్టుండ్రి గని సగంల వదిలిపెట్టకుండ్రి.

"ఈ దేశంల ఫుట్‌బాల్ చూసేటోళ్లే లేరు, ఉత్తగ ఇన్ని స్టేడియాలు కట్టిన్రు" అని ఒక మాట మన క్యాంపులల్ల తిరుగుతున్నది. ఇక్కడి లీగ్ మ్యాచ్ టీవీల పెడితే మనుషుల కన్న కుర్చీల రంగే ఎక్కువ కనపడుతది, అది నిజమే. దీనికి మూడు మందులు చెప్తరు. ఒకటి, టీములు తగ్గియ్యాలె, డివిజన్లు మార్చాలె. రెండు, సౌకర్యాలు ఇంక పెంచాలె. మూడు, ఏమీ కాకపోతే లేబర్‌ను బస్సులల్ల తీస్కపోయి కూర్చోబెట్టాలె. ఈ మూడింటితోని ఈ రోగం తగ్గదు అనేది మా మాట.

మేమంటే ఒక్క క్యాంపుల ఉండే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు మనుషులం. మా చదువు పదో తరగతి కాడ ఆగింది. సైటు మీద పొద్దుగాల హెడ్‌కౌంట్ తీసుకునే పని మాది. తల కనపడినంత మాత్రాన పని అయినట్టు కాదని మాకు ఎవ్వలూ చెప్పనక్కరలేదు. స్టేడియం లెక్క కూడా గంతే. "లేబరోళ్లకు ఫుట్‌బాల్ ఏం తెలుసు" అనేటోళ్లకు ఒక్క ముచ్చట. 1962ల జకార్తా ఏషియన్ గేమ్స్‌ల బంగారు పతకం గెలిచిన ఇండియా టీముకు కోచ్ రహీం సాబ్. ఆయన మన హైదరాబాదోడే.

ముందుగాల "చూసేటోళ్లు లేరు" అన్న మాట తీస్కుందాం. 2024 జనవరిల ఏషియన్ కప్ ఇక్కడే జరిగింది. ఇండియా మూడు మ్యాచ్‌లు ఆడి మూడూ ఓడింది. ఆస్ట్రేలియా చేతిల 2-0, ఉజ్బెకిస్తాన్ చేతిల 3-0, సిరియా చేతిల 1-0. ఒక్క గోలు కొట్టలే. అయినా అహ్మద్ బిన్ అలీ స్టేడియంల ఆస్ట్రేలియా మ్యాచ్‌కు 35 వేల మందికి పైగా వచ్చిన్రు. అది శుక్రవారం కాదు, శనివారం మధ్యాహ్నం. ఫైనల్‌కు లుసైల్‌ల 86 వేలు దాటింది. టికెట్ 25 రియాల్ల నుంచి ఉండె. అంతకు ముందు 2022 వరల్డ్ కప్‌ల ఇక్కడ ఉండేటోళ్లకు 40 రియాల్ల టికెట్ పెట్టిన్రు. ఇండస్ట్రియల్ ఏరియా దగ్గరి ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంల పెద్ద తెర పెడితే వేల మంది పని మనుషులు వచ్చి చూసిన్రు. గెలవని టీము కోసం డ్యూటీ మార్పించుకోని పోయే జనం ఉన్న దేశం ఇది. జనం లేక కాదు, జనానికి అందేటట్టు పెట్టక కుర్చీలు ఖాళీగ ఉంటున్నయ్.

ఇగ డివిజన్ల సంగతి. 2017ల ఇక్కడ ఆ మందు కూడా వాడిన్రు. పై లీగ్‌ల 14 టీములుంటే 12 చేసిన్రు. లెఖ్వియా, అల్ జైష్ అని రెండు క్లబ్బులుంటే కలిపి అల్ దుహైల్ అన్నరు. ఆఖరి టీము కింది డివిజన్‌కు పోతది, కింద గెలిచినోళ్లు పైకొస్తరు. బాగనే ఉన్నది. గని పైన ఉన్న టీము కింద పడితే ఏడ్చేటోడు, కిందిది పైకొస్తే ఎగిరేటోడు స్టేడియంల లేకపోతే ఆ ఎక్కుడు దిగుడు కాయితం మీదనే ఉంటది.

మా రూంల ఒకాయన మేనల్లుడు అమెరికాల టెక్సాస్‌ల చదువుతున్నడు. శనివారం శనివారం కాలేజీ ఫుట్‌బాల్ వీడియోలు పంపుతడు. వాళ్ల ఫుట్‌బాల్ వేరే, చేతుల పట్టుకోని ఉరుకుతరు. అక్కడ టెక్సాస్ ఏ అండ్ ఎం అనే యూనివర్సిటీ స్టేడియం 1,02,733 మంది పట్టేటట్టు ఉన్నది. ఒక్క కాలేజీకి గంత! ఆట అయ్యేదాక పిల్లగాళ్లు కుర్చీల కూర్చోరు, నిలబడే ఉంటరు. పదకొండు మంది ఆడుతుంటే మేము పన్నెండో మనిషిమి అని చెప్పుకుంటరు. గదే యూనివర్సిటీ కొమ్మ ఒకటి మన దోహాల, ఎడ్యుకేషన్ సిటీల ఉన్నది. 2028కి మూసేస్తమని 2024ల ప్రకటించిన్రు. దాని పక్కనే వరల్డ్ కప్ ఆడిన స్టేడియం ఉన్నది. అక్కడ లక్ష కుర్చీలు నింపింది కాంక్రీటు కాదు. ఆ కాలేజీల చదివినోడు, వాని తండ్రి, ఆ ఊరి దుకాణపోడు, అందరూ "ఇది మా టీము" అనుకుంటరు. అందుకే వస్తరు.

అట్లని అమెరికా అంతా ధర్మరాజులని మేము అంటలేము. అక్కడ కాలేజీలు పై డివిజన్ల నిలబడాలంటే సగటున 15 వేల మంది మ్యాచ్‌కు రావాలని ఒక రూలు ఉండె. ఆ లెక్క చూపెట్టనీకి కొన్ని కాలేజీలు స్పాన్సర్ పైసలతోని టికెట్లు కొనిపిచ్చుకున్నయ్. ఆఖరికి 2023ల ఆ రూలే తీసేసిన్రు. పై డివిజన్‌కు ఎక్కాలంటే కట్టే ఫీజు మాత్రం 5 వేల డాలర్ల నుంచి 50 లక్షల డాలర్లు చేసిన్రు. మనుషుల లెక్క పోయి పైసల లెక్క వచ్చింది. తలల లెక్క మీదనే పట్టు పెడితే దొంగ తలలు పుడుతయ్. ఏ దేశంల అయినా గదే జరుగుతది.

సౌకర్యాల మాటకొస్తే, కట్టుడు తెలిసినోళ్లం కాబట్టి చెప్తున్నం, ఇక్కడి స్టేడియాలకు వంక పెట్టనీకి లేదు. ఎండాకాలంల సుత చల్లగాలి వచ్చే ఏర్పాటు చేసిన్రు. 40 వేల మంది పట్టే వాటిల సగం కుర్చీలు తీసేసి 20 వేలకు తగ్గిస్తమని, అన్నీ కలిపి లక్షా 70 వేల కుర్చీలు వేరే దేశాలకు ఇస్తమని వరల్డ్ కప్ ముందు చెప్పిన్రు. మంచి మాటే. గని కుర్చీలు తీసేస్తే స్టేడియం నిండినట్టు కనపడుతది గంతే, కొత్తగ ఒక్క మనిషి సుత రాడు. ఇంకో దిక్కు మన పిల్లగాళ్లు శుక్రవారం తెల్లారకముందే లేచి, లారీలు ఆపే జాగల రాళ్లు పెట్టి, టేపు చుట్టిన బాల్‌తోని ఆడుతున్నరు. సెక్యూరిటీ వస్తే ఉరుకుతున్నరు. వాళ్లకు కావాల్సింది ఇంకో ఏసీ కాదు. వారానికి ఒక్క పూట గేటు తీసిన గ్రౌండు, ఒక పంపు నీళ్లు, రెండు లైట్లు. ఆడే జాగ ఇచ్చిన క్లబ్బును ఆడినోడు జన్మల మరిచిపోడు. వాడే రేపు టికెట్ కొంటడు.

ఇప్పుడు మూడో మందు, అసలు లొల్లి. లేబర్‌కు పైసలిచ్చి కూర్చోబెట్టుడు. 30 రియాల్లిచ్చి మ్యాచ్‌కు తీస్కపోతున్నరని 2014లనే అంతర్జాతీయ వార్తలల్ల వచ్చింది. అదే ఏడు ఇక్కడి ప్రభుత్వ గణాంకాల శాఖ సర్వే చేస్తే, పైసలకొచ్చిన జనం ఉంటరు కాబట్టే మ్యాచ్‌కు పోబుద్ధి కాదని చాలా మంది ఖతరీలు చెప్పిన్రు. మాకు తెలిసిన ఒక క్యాంపు ముచ్చట చెప్తం, పేర్లు వద్దు. డ్యూటీ దిగినోళ్లను దిగినట్టే బస్సు ఎక్కిచ్చిన్రు. చేతికి ఒక టీ షర్టు, ఒక జెండా. ఏ టీములు ఆడుతున్నయో చెప్పలే. ఒకాయన ముంగట నిలబడి చెయ్యి లేపితే చప్పట్లు కొట్టాలె. మధ్యల లేవద్దు. తిరిగి క్యాంపుకు చేరేసరికి అర్ధరాత్రి దాటింది, మళ్ల నాలుగింటికి లేచుడు.

పోయిన తమ్ముళ్లను మేము ఒక్క మాట అనం. నెలకు వెయ్యి రియాల్ల కనీస జీతం మీద ఉన్నోనికి 30 రియాల్లంటే దాదాపు ఒక రోజు కూలి. ఇంటికాడ అప్పు ఉన్నోడు వద్దనలేడు. మా కోపం "అండ్ల నష్టమేంది, చల్లగాలిల కూర్చోని పైసలు తెచ్చుకున్నరు కదా" అని సమర్థించే పెద్దమనుషుల మీద. నష్టం ఉన్నది అన్నా. నిద్ర పోతది, అది మొదటిది. పక్కన నిజంగ ఆట చూడనీకి వచ్చినోడు మళ్లసారి రాడు, అది రెండోది. మూడోది అన్నిటికన్న పెద్దది. తలలు పైసలకు దొరుకుతున్నప్పుడు, మ్యాచ్ ఎన్ని గంటలకు పెడితే మీకు వీలైతది, టికెట్ ఎంతుంటే కొంటరు అని మనల్ని ఏ క్లబ్బూ అడగదు. ఈ దేశంల దగ్గర దగ్గర పది మందిల తొమ్మిది మంది బయటి నుంచి వచ్చినోళ్లమే. మనల్ని అడగకుండ ఏ స్టేడియం నిండుతది?

మేము ఈ దేశం ఉప్పు తింటున్నం, తిట్టనీకి రాస్తలేము. ఆట మీద ప్రేమతోని అడుగుతున్నం. నెలకు రెండు మ్యాచ్‌లన్నా శుక్రవారం సాయంత్రం, మనం అందుకునే టైముకు పెట్టాలె. మెట్రో ఇండస్ట్రియల్ ఏరియా లోపలికి రాదు కాబట్టి అక్కడి నుంచి, అల్ ఖోర్ క్యాంపుల నుంచి బస్సులు పెట్టాలె. ఒక దిక్కు గ్యాలరీ అగ్గువ టికెట్‌కు ఇయ్యాలె. కంపెనీల మధ్య ఆడే కార్మికుల కప్పు ఉన్నది, దాని ఫైనల్‌ను క్లబ్బు మ్యాచ్‌కు ముందుగాల అదే గడ్డి మీద ఆడియ్యాలె. తనతోని కాంక్రీటు కలిపిన మనిషి గోల్‌పోస్టుల నిలబడితే చూడనీకి వెయ్యి మంది వాళ్లంతట వాళ్లే వస్తరు.

మన వైపు నుంచి సుత పని ఉన్నది. ఒక క్లబ్బును ఎంచుకోండ్రి. అల్ వక్రానా, అల్ రయ్యానా, మీకు దగ్గరున్నది ఏదైనా సరే. గెలిచినా ఓడినా సీజన్‌కు నాలుగు మ్యాచ్‌లు సొంత టికెట్‌తోని పోండ్రి. డ్యూటీ అయినంక ఎవలన్నా బస్సు తెస్తే "ఎప్పుడు తిరిగి తెస్తరు, బువ్వ ఎక్కడ, రేపు షిఫ్టు మారుస్తరా" అని ఎక్కకముందే అడుగుండ్రి. సూపర్‌వైజర్లుగ ఉన్న మనోళ్లకు ఇంకో మాట. మనిషి రాను అంటే లిస్టుల పేరు రాయకుండ్రి. పెన్ను మన చేతిలనే ఉన్నది.

మీ క్యాంపు నుంచి స్టేడియంకు పోవాలంటే ఏం అడ్డం వస్తున్నది? టైమా, బస్సా, టికెట్టా? కింద రాయుండ్రి. అన్నీ ఒక్క కాయితం మీద పెట్టి దగ్గరున్న క్లబ్బు ఆఫీసుకు మేమే తీస్కపోయి ఇస్తం.