అప్రస్తుత ప్రసంగికి ఒక పీట

ఈ పత్రికలో కొన్నేళ్లుగా వస్తున్న ఒక శీర్షిక పుస్తకమై, ఈమధ్య ఓ పురస్కారం తుది జాబితాదాకా వెళ్లి ఆగిపోయింది. రాకపోతే పోయింది. పురస్కారాలు రాని మంచి పుస్తకాలు మన గ్రంథాలయాల్లో కొల్లలు. గుచ్చుకున్నదల్లా న్యాయనిర్ణేతలు చూపిన కారణం. రచయిత విషయం మీద నిలవడట. చెరువు గురించి మొదలుపెట్టి మేనమామ పెళ్లికి వెళతాడట, పెళ్లిలోంచి హరికథకు పోతాడట. ఏకాగ్రత లేదని తేల్చారు. ఆ సంఘంలో తెలుగు పండితులు కూడా ఉన్నారు కాబట్టే ఈ నాలుగు మాటలు రాయాల్సి వస్తోంది.

తెలుగువాడు ఏకాగ్రతను వేదికెక్కించి చూపింది అవధానంలో. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి అన్నీ నిగ్రహానికి పరీక్షలే. వాటి పక్కనే మన పెద్దలు అప్రస్తుత ప్రసంగిని కూచోబెట్టారు. అవధాని పద్యపాదం కూడగట్టుకుంటుంటే ఇవాళ ఇంట్లో ఏం కూరని అడగడం ఆయన పని. వట్టి ఆటంకమే కావాలంటే గంటలు కొట్టేవాడు ఉండనే ఉన్నాడు. సభ పగలబడి నవ్వేదీ, ఇంటికెళ్లాక పదిమందికి చెప్పుకునేదీ అవధాని ఈయనకిచ్చిన జవాబే. అది సరదాకు పెట్టిన అంశమనేవాళ్లున్నారు, మాకలా తోచదు. దారి తప్పించేవాడికి కూడా పీట వేయకపోతే ధారణ ఎండిపోతుందని ఎరిగినవాళ్ల ఏర్పాటది.

ఆ విద్యలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారిని మించినవారెవరు? దివాకర్ల తిరుపతిశాస్త్రి గారితో కలిసి సంస్థానాలన్నీ తిరిగి అవధానాలు చేసిన మనిషికి ఏకాగ్రత తక్కువని ఎవరైనా అనగలరా? అదే మనిషి 'కథలు-గాథలు'లో వచనానికి కూచుంటే శాస్త్రచర్చలోంచి ఊళ్లోకి, ఊళ్లోంచి విస్తరి ముందుకి, విస్తరి ముందునుంచి పాత తగవులోకి వెళ్లిపోతారు. ప్రకృతానికి వస్తున్నట్టే వచ్చి ఇంకో సందులోకి తిరుగుతారు. ఆ పుస్తకంలోంచి విషయాంతరాలు ఏరి పారేస్తే మిగిలేవి ఎవరికీ పట్టని వాదాల తీర్పులు. చదువుకోసం ఊరు విడిచిన కుర్రాళ్లు, ప్రభువుల దర్శనం కోసం పడిగాపులు కాసిన కవులు, ఆనాటి బళ్లు, బాటలు, బాకీలు అన్నీ మనకు ఆ సందుల్లో దొరికినవే. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ను ఆస్థానకవిని చేసింది. ఇప్పటి మన పెద్దల చేతిలో పడితే తుది జాబితాలోనే ఉండిపోయేవారు.

అంతదూరం ఎందుకు? ఉస్మానియాలో చదివే ఒక కుర్రాడి మనసు ఒక్కరోజులో ఎటెటు తిరిగిందో 1969లో నవీన్ నవలగా అచ్చువేస్తే, 'అంపశయ్య' ఆయనకు ఇంటిపేరైంది.

రచన సంగతి సరే, తిరిగే మనసుకు దేవుడు దక్కడని మరో మాట. ఇది మరీ అన్యాయం. మన శతకాన్ని చూడండి. ఏ పద్యానికాపద్యం విడి. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరుడి ముందు కూచుని ఎక్కడికి పోలేదు? రాజుల కొలువులో పడ్డ అవమానం గుర్తొస్తుంది, ఆడవాళ్లు గుర్తొస్తారు, చావు గుర్తొస్తుంది, సాలెపురుగూ పామూ ఏనుగూ చదువుకోకుండానే తరించాయని అసూయ పుడుతుంది, చివరికి శివుడితోనే పేచీ. పోయిన ప్రతిసారీ మకుటం దగ్గరికి తిరిగొచ్చాడు. అన్నిసార్లు వెళ్లాడు కాబట్టే అన్నిసార్లు పిలిచాడు. కదలని మనసు రాస్తే అది ఒక్క పద్యమే అయ్యేది. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు మనసును గాలితో పోల్చి నా వల్ల కాదంటే కృష్ణుడు కాదనలేదు. అది ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడినుంచి మళ్లించి తెమ్మని అంతకుముందే అన్నాడు. పోతుందని ఆయనకూ తెలుసు.

మనసు నిలవని పూజ దండగని త్యాగయ్య ఆభోగిలో పాడాడు కదా అంటారు. ఆయన మనసు ఎన్నెన్ని రాగాల్లో తిరిగొచ్చిందో కూడా లెక్కేయండి. తిరిగే మనసు దుఃఖపడే మనసని 2010లో హార్వర్డ్ పరిశోధకులిద్దరు 'సైన్స్' పత్రికలో రాశారు. కావచ్చు. ధూర్జటి సంతోషంగా ఉన్నాడని మేమూ అనలేదు.

అసలు ఈ ఏకాగ్రత మోజు ఎక్కడిదో అందరికీ తెలుసు. కార్పొరేట్ కాలేజీ స్టడీ అవర్లలో కిటికీలోంచి చూసిన పిల్లవాడు నేరస్థుడు. వాడే ఉద్యోగంలో చేరాక ధ్యానం యాప్‌కు నెలనెలా డబ్బు కడతాడు, ఎందుకయ్యా అంటే పని ఇంకాస్త చేయడానికి. ఋషుల పేరు చెప్పి అమ్ముతున్నది గుమాస్తాగిరీ. ఇక ఫోను పట్టుకున్నవాడి మనసూ తిరుగుతోందిగా అంటారేమో. అది తిరగడం లేదు, ఎవరో తిప్పుతున్నారు. మేకకు తాడు కట్టి ఊరంతా ఈడ్చి, మేసొచ్చిందనడం లాంటిదది. బస్సు కిటికీ పక్కన కూచుని పరాకుగా ఉన్నవాడికి తాడు లేదు. వాడికి ఎప్పుడో చచ్చిపోయిన నాయనమ్మ కనిపించవచ్చు, పద్యపాదం తట్టవచ్చు, ఏమీ తట్టకపోవచ్చు. ఆ చివరిదానికి కూడా హక్కుంది. సాహిత్యానికి తీర్పరులైనవాళ్లు కాపాడాల్సింది ఆ హక్కును. వీళ్లు పోయిపోయి హాజరుపట్టీ పట్టుకున్నారు.

మా రచయిత శీర్షికకు వచ్చే సంచిక నుంచి ఇంకో రెండు పుటలు ఇస్తున్నాం. చెరువు కథ ఇంకా మేనమామ పెళ్లి దగ్గరే ఉంది. ఎప్పుడు తేలుతుందో మేం అడగలేదు. న్యాయనిర్ణేతలందరికీ పత్రిక ఉచితంగా పంపడం మా ఆనవాయితీ. అది మానుకోం.