ఆడిన బంతి

ఇల్లాలి చేతికి మాసిన వస్తువు చిక్కినచో తుడువక విడుచుట అరుదు. అట్లు తుడిచినందుననే విలువ పోగొట్టుకొను వస్తువొకటి అమెరికా దేశమున కలదు. అది బేస్‌బాల్ ఆటలో వాడిన బంతి. ఆ దేశమున కాపురములు చేయుచున్న మన ఆడపడుచుల బిడ్డలు కొందఱు ఆ ఆట చూడబోయి బంతులు తెచ్చుకొనుటయు కలదు గనుక, ఈ నెల దానినిగూర్చి వ్రాయుచున్నాను.

ఈ బంతి నడుమ బెండు ముద్ద యుండును. దానిపై రబ్బరు, ఆపైన బిగించి చుట్టిన ఉన్నినూలు, అన్నిటికిని పైన రెండు ఆవుతోలు ముక్కలు. ఆ ముక్కలను 88 అంగుళముల ఎఱ్ఱదారముతో 108 జంటకుట్లు వేసి కలుపుదురు. పెద్ద లీగు పందెములకు వాడు బంతులు కోస్టారికా దేశమున టురియాల్బా అను ఊర తయారగుచున్నవి. ఇన్ని యంత్రములు పుట్టినను ఈ కుట్టు మాత్రము నేటికిని చేతికుట్టే. సూది పట్టినవారికి ఇది వింతగా తోచదు.

క్రొత్త బంతి నునుపుగా నుండి చేత జాఱును. కావున న్యూజెర్సీ రాష్ట్రమున డెలవేర్ నదీప్రాంతమునుండి తెచ్చిన బురదను ఆటకు ముందు దానికి రుద్దుదురు. 1938లో ఒక శిక్షకుడు మొదలిడిన ఈ పద్ధతి క్రమముగా అందఱికిని ఆచారమైనది. ఆ బురద రంగు, బ్యాటు తగిలిన మచ్చ, నేల రాపిడి, ఇవియే ఆడిన బంతికి ఆనవాళ్లు. వీనిని సబ్బుతో కడుగుట సాక్ష్యమును కడుగుటయే.

అయినను మరకలు మాత్రము చాలవు. బురద ఎవరైనను పూయగలరు. 1998లో మార్క్ మెక్‌గ్వైర్ తన 70వ హోమ్‌రన్ కొట్టిన బంతి మఱుసటి యేట వేలములో 30 లక్షల డాలర్లకు పైగా పలికెను. ఇంత ధర పలుకుచోట మోసగాండ్రు ఊరకుందురా? ఆ దినములలోనే శాన్ డియాగో జట్టు ఆటగాడు టోనీ గ్విన్, తన సంతకమని అంగడిలో అమ్మబడుచున్నవి కూటసంతకములని గుర్తించి చెప్పెను. నేరపరిశోధక శాఖయగు ఎఫ్.బి.ఐ. వారు 1990ల చివర ఈ దొంగవ్యాపారమును పట్టుకొనిరి. అప్పుడు దొరకిన సరకులో మదర్ థెరిసా సంతకము గల బేస్‌బాల్ బంతులు సైతము ఉండెనట! కలకత్తాలో దీనులకు సేవచేసిన ఆ తల్లి ఈ బంతిపై సంతకమేల చేయునని కొనువారైనను అడుగవలదా?

ఈ అల్లరి పిమ్మట లీగువారు 2001లో ఒక ఏర్పాటు చేసిరి. ఆటస్థలమున ఒక సాక్షి కూర్చుండును. ఈ సాక్షులలో అధికసంఖ్యాకులు పోలీసు ఉద్యోగులో, ఆ ఉద్యోగము చేసి విరమించినవారో. ఆటనుండి తీసిన బంతి సాక్షి కన్ను దాటక చేతికి వచ్చినచో, దానిపై అంకె గల హోలోగ్రామ్ చీటీ అంటించి, విసరినవాడెవడు, కొట్టినవాడెవడు అను వివరములు వ్రాసికొందురు. చీటీని పెఱికినచో చెడిపోవును గనుక మఱియొక బంతికి అంటించుట సాగదు. బంతి ఒకసారి ప్రేక్షకుల గుంపులో పడి కనుమఱుగైనచో సామాన్యముగా చీటీ లభింపదు. గొప్ప సంఖ్యను అందుకొనబోవు ఆటగానికి మాత్రము ముందే రహస్యపు గుర్తులు పెట్టిన బంతులు విసరుట కలదు.

ఈ చీటీ కొఱకే ఒక ఇల్లాలు చిక్కుపడెను. 2024 ఏప్రిల్ 3వ తేదీన లాస్ ఏంజలెస్‌లో షోహెయ్ ఒహ్తాని డాడ్జర్స్ జట్టు తరఫున తన మొదటి హోమ్‌రన్ కొట్టగా, బంతి ఆమెకు దొరకెను. సిబ్బంది తనను భర్తనుండి వేఱు చేసి, బంతిని ఇంటికి తీసికొనిపోయినచో ధ్రువీకరింపబోమని ఒత్తిడి చేసిరని ఆమె పిమ్మట పత్రికలవారికి తెలిపెను. సంతకములు గల రెండు టోపీలు, ఒక బ్యాటు, ఒక బంతి పుచ్చుకొని ఆమె దానిని ఇచ్చివేసెను. అదే యేడు ఒహ్తాని 50వ హోమ్‌రన్ బంతి 43 లక్షల 92 వేల డాలర్లకు అమ్ముడుపోయినది. మొదటి బంతికి అంత వచ్చెడిదని నేననను. కాని ఆలోచించుకొనుటకు ఆమెకు ఒక రాత్రి గడువైనను ఇచ్చి యుండవలసినది.

మీ యింట అట్టి బంతి యున్నచో కడుగకుడు, వార్నీషు పూయకుడు. ఎండయు చెమ్మయు తగులనీయకుడు. ఎండకు సంతకపు సిరా వెలిసిపోవును. ఆట టిక్కెట్టును దాచి, ఏనాటి ఆటయో, ఎవరి చేతినుండి వచ్చినదో వేఱు కాగితముపై వ్రాసియుంచుడు, బంతిమీద వ్రాయకుడు. క్రొత్తగా కొనువారు అమ్మువాడు చెప్పు కథను నమ్మి సొమ్మీయక, చీటీపై అంకెను లీగువారి జాబితాలో సరిచూచుకొనవలెను. అందులకు రుసుము లేదు.