ఆ ముద్ద ఎవరి కోసం?

మా పాపకి మూడేళ్లప్పుడు ఒక రాత్రి సొరకాయ పప్పన్నం దాని నోట్లో కుక్కాను. అది పెదాలు బిగించింది. నేను బుగ్గలు నొక్కి నోరు తెరిపించాను. ముద్ద నా ఒళ్లో పడింది. స్త్రీకి తన శరీరం మీద ఉండే హక్కు గురించి మర్నాడు ఒక సదస్సులో పత్రం చదవాలి. సగం రాసిన ఆ పత్రం పక్కగదిలో బల్లమీద ఉంది.

ఎందుకు కుక్కాను? దానికి ఆకలేస్తోందని కాదు. పొద్దున్నే మా అత్తగారు ఫోన్ చేసి "ఏమ్మా, పాప తిందా?" అని అడుగుతారని. ఆ ప్రశ్న ఆవిడ తన కొడుకుని ఎన్నడూ అడగలేదు. పిల్ల పక్కటెముకలు లెక్కపెట్టే బంధువులు, బరువు చూసి నావైపు తిరిగే డాక్టరు, తన పిల్లాడు తోటకూర తింటాడని గర్వంగా చెప్పే పక్కింటావిడ - అందరూ ఆ కంచంలో వెతికేది నా మార్కులే.

ముద్దలు పెడుతూ మనం చెప్పే మాటలు గుర్తు తెచ్చుకోండి. ఇది నాన్న ముద్ద, ఇది తాతయ్య ముద్ద, ఇది అత్త ముద్ద. చుట్టాలందరి పేరునా ముద్దలుంటాయి, తినేదాని పేరున ఒక్కటీ ఉండదు! మాట వినకపోతే బూచాడు. ఇప్పుడు బూచాడి పని సెల్‌ఫోన్ చేస్తోంది. తెరమీద బొమ్మలాడుతుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది, కడుపు ఎప్పుడు నిండిందో ఆ పిల్లకే తెలియదు. ఆడపిల్లకైతే ఇది ఇంకా అన్యాయం. మూడేళ్లకి ఆకలి లేకపోయినా తినమంటాం. పద్నాలుగేళ్లొచ్చాక ఆకలేసినా లావైపోతావు, తగ్గించమంటాం. రెండుసార్లూ ఆమె ఆకలి ఎంతో చెప్పేది ఇతరులే.

పిల్లల తిండి గురించి పట్టించుకోనక్కర్లేదని నేననడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్లలో ఎంతోమందికి 'వద్దు' అనాలన్నా ముందు కంచంలో ఏదో ఒకటి ఉండాలి కదా. పేచీ పెట్టే పిల్లలున్న మన ఇళ్ల సమస్య వేరు. బలవంతం, లంచం రెండూ పనిచేయవని ఏనాడో తేలింది. కూర తింటే చాక్లెట్ ఇస్తానంటే పిల్లలకి చాక్లెట్ మీద ఇష్టం పెరుగుతుంది, కూర మీద తగ్గుతుంది. 1980లలో లియన్ బర్చ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చేసిన ప్రయోగాలు చెప్పింది ఇంచుమించు ఇదే. కొత్త రుచి అలవాటు కావడానికి 10, 15 సార్లు రుచి చూపించాల్సి రావచ్చు. ఏం వడ్డించాలో పెద్దలు నిర్ణయించాలి, ఎంత తినాలో పిల్లలు నిర్ణయించుకోవాలి అని ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు చెప్పారు. మంచి మాటే. కానీ ఆమె 'పెద్దలు' అన్న చోట మనం 'అమ్మ' అని చదువుకుంటాం. 15 సార్లు సొరకాయ తరగాలి, వండాలి, తినకపోయినా చిరునవ్వు నవ్వాలి, మిగిలింది తనే తినాలి. ఈ ఓపిక అంతా ఎవరి ఖాతాలోంచి?

ఈ విషయంలో అందరూ ఉదాహరించే ప్రయోగం క్లారా డేవిస్‌ది. అప్పుడే పాలు మాన్పించిన 15 మంది శిశువుల ముందు మంచి ఆహార పదార్థాలు అనేకం పెట్టి, ఏది కావాలంటే అది తిననిచ్చారు. తొలి నివేదిక 1928లో వచ్చింది. పిల్లలు చక్కగా ఎదిగారు. దీన్నిబట్టి 'పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయండి' అని తల్లులకు చెబుతుంటారు. కానీ అక్కడ చెంచా పట్టుకుని, పిల్ల చెయ్యి చాపేదాకా కదలకుండా కూర్చున్నది నర్సులు. వాళ్లకది జీతమిచ్చే ఉద్యోగం. మనింట్లో అదే పనికి మాతృప్రేమ అని పేరు.

పరిశోధన కోసం స్త్రీవాద కవిత్వం చదివిన రోజుల్లో విమల 'వంటిల్లు' నన్ను నిద్రపోనివ్వలేదు. వండడాన్ని మనం ప్రశ్నించాం. తినిపించడం దగ్గరకొచ్చేసరికి నేనైతే తడబడ్డాను. చందమామ, వెండిగిన్నె, గోరుముద్ద - ఆ బొమ్మ అంత అందంగా ఉంటుంది. ఆ అందాన్ని ప్రభుత్వాలూ వాడుకున్నాయి. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనం 'జగనన్న గోరుముద్ద' అయింది. అమ్మ చేతి ముద్దకు అన్న పేరు! 2024లో దాన్ని తీసేసి, అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పేరు అన్నదైనా అమ్మదైనా ఆ పొయ్యి దగ్గర ఉండేది ఎక్కువగా పేద స్త్రీలే. వాళ్లకి 2009లో కేంద్రం నిర్ణయించిన గౌరవవేతనం నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. ఆంధ్రలో 2019లో 3000 చేశారు. 'వేతనం' అని మాత్రమే ఎందుకనరో అర్థమవుతూనే ఉంది.

మా ఇంట్లో ఇప్పుడు తినిపించడం లేదు, వడ్డించడం ఉంది. వారంలో నాలుగు రోజులు నా సహచరుడు వండుతాడు, పాపతో కూర్చుని అదే కూర తింటాడు. తనకీ సొరకాయ పడదన్న సంగతి అప్పుడు బయటపడింది. ముప్ఫయ్యేళ్లుగా ఎవరూ ఆయన బుగ్గలు నొక్కలేదు మరి. పాప మొన్న ఒక ముక్క నాకి పక్కన పెట్టింది.

నిన్న పొద్దున మళ్లీ ఫోన్ మోగింది. "ఏమ్మా, పాప తిందా?" అన్నారు అత్తగారు. "ఉండండత్తయ్యా, మీ అబ్బాయికిస్తాను" అన్నాను.