గలగల చాలదు

వేసవి ముదిరేసరికి భిలాయి నెహ్రూనగర్‌లోని తెలుగువారి డాబాల మీద పాత చీరలు, వాటిమీద మిరపకాయలు పరచుకుంటాయి. సంవత్సరానికి సరిపడే కారానికి అది తొలి అంకం. సాయంకాలం ఇల్లాలు గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడిస్తుంది. గింజలు గలగలమంటే కాయ ఎండినట్లే లెక్క. ఆ రాత్రే అవి డబ్బాలోకి చేరతాయి. శ్రావణమాసంలో మూత తీసేసరికి గుప్పుమనవలసిన ఘాటుకు బదులు ముక్కిన వాసన వస్తుంది. ఏడాది గ్రాసం, దానికి పెట్టిన డబ్బు రెండూ చెత్తకుండీ పాలవుతాయి. లోపం ఎండలో లేదు. కాయ నిర్మాణాన్ని గమనించకపోవడంలో ఉంది.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమయింది. బ్రతుకుతెరువు వెతుక్కుంటూ అక్కడికి చేరిన తెలుగు కుటుంబాలు తమ వంటిళ్ళనూ వెంట తెచ్చుకున్నాయి. అయితే మిరపకాయ కూడా ఒకనాటి వలసదారే. అమెరికా ఖండాలకు చెందిన ఈ మొక్కను పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారు మనదేశానికి తెచ్చారు. అంతకు పూర్వం మన వంటకు ఘాటునిచ్చినది మిరియమే.

మిరపకాయ లోపల బోలుగా ఉండే పెట్టె వంటిది. పైతోలు మైనపు పొర కప్పుకొని నునుపుగా ఉంటుంది కనుక తేమ దానిగుండా తొందరగా బయటపడలేదు. పండుకాయ బరువులో సగానికి మించి నీరే. తోలు, గింజలు ఎండి కాయ గలగలలాడుతున్నా, ముచ్చిక అంటుకొని ఉండే దళసరి భాగంలో పచ్చిదనం మిగిలి ఉండవచ్చు. మూత బిగించిన డబ్బాలో ఆ కొద్దిపాటి తేమే కాయలన్నిటికీ పాకుతుంది. బూజు చాలాసార్లు కాయ లోపలే మొదలవుతుంది. పైన ఎర్రగా నిగనిగలాడే కాయను విరిచి చూస్తే తప్ప కనబడదు.

బూజును దులిపి వాడుకుంటే సరిపోతుందనుకోవడం ప్రమాదకరం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు అంతుబట్టని వ్యాధితో చనిపోయాయి. వాటికి పెట్టిన వేరుసెనగపిండిలో పెరిగిన బూజే అందుకు మూలమని పరిశోధకులు తేల్చారు. ఆ బూజు పుట్టించే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయానికి హాని చేస్తుంది. సరిగా ఎండని మిరపకాయలలోనూ ఆ జాతి బూజు పెరగగలదు. పోపులో వేయించినా, పులుసులో మరిగించినా ఆ విషం పూర్తిగా నశించదు. కనుక బూజు పట్టిన కాయలను పారవేయడమే మార్గం.

ఎండబెట్టడానికి బాగా పండిన కాయలనే ఎన్నుకోవాలి. నల్లమచ్చలున్నవి, చితికినవి ముందే ఏరివేయాలి. నేలమీద కాక నులకమంచం మీదనో, జల్లెడవంటి తడికమీదనో బట్ట పరచి, కాయలను ఒకే వరుసగా పోస్తే అడుగునుంచి కూడా గాలి ఆడుతుంది. పైన పలుచని బట్ట కప్పితే దుమ్ము పడదు. తీవ్రమైన ఎండకు రంగు వెలిసిపోదు. తెల్లబారిన కాయలను గుంటూరు మిర్చియార్డులో తాలుకాయలంటారు. వాటికి ధర తక్కువ. రోజుకు రెండు మూడుసార్లు కాయలను తిరగవేయాలి. పొద్దుగుంకగానే లోపలికి తేవాలి. లేకుంటే పగలు పోయిన తేమ రాత్రి మంచుతో తిరిగి వస్తుంది. పండుకాయలు పూర్తిగా ఎండడానికి పది, పదిహేను రోజులు పట్టవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటినా, ఉన్నట్టుండి గాలివాన వచ్చే కాలం కూడా అదే. జూన్ మధ్యలో ఋతుపవనాలు చేరకముందే ఈ పని ముగియాలి.

చివరి పరీక్షకు చెవితోపాటు చేయి, కన్ను కూడా కావాలి. కాయను ముచ్చిక దగ్గర వంచితే ఫటుక్కున విరగాలి; తోలులా వంగితే మరి రెండు ఎండలు కావాలి. తరువాత గుప్పెడు కాయలను నీడలో చల్లార్చి, పొడి గాజుసీసాలో వేసి, మూత బిగించి రాత్రంతా ఉంచాలి. తెల్లవారి సీసా లోపల చెమట పట్టినట్లు కనబడితే కాయలన్నిటినీ తిరిగి ఎండకు చేర్చాలి. వేడిగా ఉన్న కాయలను డబ్బాకెత్తడం ఎన్నడూ తగదు.

ముచ్చికలు వాడేటప్పుడే తీయాలి. ముందే తీస్తే ఆ రంధ్రం తేమకూ పురుగుకూ దారి అవుతుంది. వెలుగు సోకితే రంగు తగ్గుతుంది కనుక డబ్బాను చీకటి అలమరలో ఉంచాలి. కారం ఏడాదికంతా ఒకేసారి కొట్టించకుండా రెండు మూడు నెలలకు సరిపడా కొట్టించుకుంటే ఘాటు నిలుస్తుంది.

చల్లమిరపకాయలు పెట్టే పెద్దవారు ఈ రహస్యాన్ని ఎప్పుడో గ్రహించారు. పచ్చికాయకు నిలువునా గాటు పెట్టి, ఉప్పు కలిపిన మజ్జిగలో ఊరవేసి ఎండబెడతారు. ఉప్పూ పులుపూ లోపలికి వెళ్ళేదీ, తేమ బయటికి వచ్చేదీ ఆ గాటునుంచే. నెహ్రూనగర్‌లో పొరుగింటి ఛత్తీస్‌గఢీ ఇల్లాలు చేసే దహీమిర్చికీ పెరుగు, ఎండలే ఆధారం. ఎర్రగా పండిన కాయకు అటువంటి గాటు ఉండదు. దానికి ఇవ్వవలసినది మరి రెండు ఎండలు, ఒక రాత్రి నిరీక్షణ.