చిన్నదైపోయిన చొక్కాతో పసిబిడ్డకు జుబ్బా

పోయిన నెల పాత చీరలతో బొంత కుట్టడం చెప్పినాను. అది చదివి మన బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో పనిచేసే ఒక చెల్లెలు అడిగింది. "అక్కా, నాకు ఏడో నెల. పెద్దోడికి పట్టని చొక్కాలు మూటకట్టి పెట్టినాను. వాటితో పుట్టబోయే బిడ్డకు ఏమన్నా కుట్టొచ్చా?" అని. కుట్టొచ్చమ్మా, బాగా కుట్టొచ్చు. ఈ నెల అదే చెప్తాను.

"పాతగుడ్డ వేసినారు, అంత లేనోళ్ళా" అని ఎవరన్నా అంటారని కొందరికి భయం. మన పెద్దోళ్ళు పురిటిబిడ్డకు మొదట చుట్టింది పాతగుడ్డే కదా. అందులో పనికొచ్చే సంగతి ఉంది. మిల్లులో నేసేటప్పుడు పడుగుదారం తెగకుండా గంజి పట్టిస్తాం. తర్వాత అద్దకం, ఆపైన గుడ్డ నిగనిగలాడేదానికి ఇంకేదో పూత. కొత్తగుడ్డ గరుకుగా ఉండేది అందుకే. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డలో అదంతా పోయి నూలు ఒక్కటే మిగులుతుంది. పసిబిడ్డ ఒంటికి కావాల్సింది అదే.

అది నూలో కాదో ముందు చూసుకోండి. అంచునుంచి నాలుగు దారాలు లాగి కాల్చండి. కాగితం కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ళమధ్య పొడైపోతే నూలు. కరిగి, ఆరినాక గట్టి పూసలాగా మిగిలితే పాలిస్టర్ కలిసింది. అది చెమట పీల్చదు, బిడ్డకు వద్దు. గుడ్డను వెలుతురుకు పట్టి చూడండి. మోచేతులు, కాలరు దగ్గర అరిగి ఉంటుంది. వీపు, కిందిభాగం గట్టిగా ఉంటాయి, అక్కడ కత్తిరించాలి.

ఇంకొకటి, ఇది మరిచిపోవద్దు. మూటలో కలరా ఉండలు వేసి ఉంటే ఆ బట్టలు తీసి నేరుగా బిడ్డకు తగిలించొద్దు. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే రక్తంలో ఒక లోపం ఉంటుంది, పైకి కనబడదు. అట్లాంటి బిడ్డకు ఆ ఉండల ఆవిరి తగిలితే రక్తకణాలు విరిగి పచ్చకామెర్లు ముదురుతాయి, ప్రాణం మీదికి కూడా రావొచ్చు. అందుకని బిడ్డల బట్టల్లో ఆ ఉండలు అసలే వేయొద్దు. ఎండిన వేపాకు చాలు. వాసన పట్టిన గుడ్డను పసిబిడ్డకు వాడకుండా, వేరే పనికి పెట్టుకోండి.

ఇక కత్తిరింపు. పదేళ్ళ పిల్లాడి చొక్కాగానీ, మీ ఇంటాయన చొక్కాగానీ తీసుకోండి. ఉతికి, ఇస్త్రీ చేసి, బటన్లు పెట్టి నేలమీద పరచండి. చంకల కింద బటన్ పట్టీ నడిమధ్యకు వచ్చేటట్టు 16 అంగుళాల వెడల్పు, 11½ అంగుళాల పొడవు, రెండు పొరలూ కలిపి కత్తిరించండి. ముందు తెరుచుకునే పట్టీ ఊరికే వచ్చేసింది చూడండి!

దాన్ని పట్టీ దగ్గర నిలువుగా మడిస్తే 8 అంగుళాలు అవుతుంది. పైఅంచున మడతనుంచి 1¾ అంగుళం మెడకు. మెడ లోతు ముందు 2, వెనక 1. పక్కఅంచున పైనుంచి 4½ అంగుళాలు చేతికి వదిలి, అక్కడినుంచి లోపలికి 3 అంగుళాలు, ఆపైన నేరుగా కిందిదాకా కత్తిరించండి. చంక మూల గుండ్రంగా ఉండాలి. చేతులు వేరేగా అతకాల్సిన పని లేదు.

మొదట భుజాలు కలపండి. మెడకు అదే చొక్కా ముక్కతో క్రాస్ పట్టీ వేయండి. తర్వాత చేతి అంచునుంచి చంక మీదుగా కిందిదాకా ఒకే కుట్టు. అన్నిటికీ అర అంగుళం చాలు. చంక మూలలో కుట్టు తెగకుండా చిన్న గాటు పెడితే గుడ్డ లాగదు. కుట్టు మడతలు బయటివైపుకు ఉంచండి. మొదటి నెలల్లో బిడ్డ పడుకునే ఉంటుంది, లోపల గీత ఉంటే ఒత్తుకుంటుంది.

బటన్లన్నీ తీసేయండి. ఊడితే బిడ్డ నోట్లోకి పోతాయి. పట్టీలో గట్టి బక్రం ఉంటే విప్పి పారేయండి. బటన్లకు బదులు రొమ్ము దగ్గర 5 అంగుళాల నాడాలు రెండు జతలు. మెడకు మాత్రం నాడా వద్దు, పిన్నీసు అసలే వద్దు. ఇట్లాంటివి ఆరు ఉంటే ఒకటి ఆరేలోపల ఇంకొకటి చేతికొస్తుంది.

కానుపు సెలవు ఇప్పుడు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు. అందులో 8 వారాలదాకా కానుపుకు ముందే తీసుకోవచ్చు. ఆ రోజుల్లో కూర్చోని, నడుం నొప్పి రాకుండా, రోజుకొకటి చాలు. 2016 ఏప్రిల్‌లో పి.ఎఫ్.లో యాజమాన్యం వాటా 58 ఏళ్ళదాకా తీసుకోకూడదన్నప్పుడు, మన హోసూరు రోడ్డు మీదికి గార్మెంట్స్ ఆడోళ్ళు వేలమంది వచ్చినారు. రెండురోజుల్లో ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. అట్లా నిలబెట్టుకున్న డబ్బును, మూడునెలల్లో చిన్నదైపోయే అంగడి గౌన్లకు పోయొద్దు. మందులకు, బాలింత తిండికి ఉంచుకోండి.

లైన్లో ఒకరు కాలరు కుడితే ఒకరు కఫ్ కుడతారు. పదేళ్ళు మిషను తొక్కినా మొదటినుంచి చివరిదాకా ఒక్క బట్ట కుట్టనోళ్ళు మనలో ఎంతోమంది. దూరదేశం బిడ్డలకు గంటకు ఇన్నని లెక్కపెట్టి కుట్టే చేతులు ఇవి. ఈ జుబ్బాకు టార్గెట్ లేదు, సూపర్‌వైజర్ లేడు. కత్తిరింపునుంచి నాడాదాకా అంతా మీదే.

వచ్చే నెల పాత పంచెతో లంగోటీలు, తలకు టోపీ. అందాకా మూటలు విప్పి నూలు వేరు, పాలిస్టర్ వేరు చేసిపెట్టుకోండి.