వంటింటిని కూడా చూపండి

ప్రముఖుల ఇళ్లను ఫోన్‌లోనే గదిగదీ తిరిగి చూసేలా చిత్రీకరించడం మంచిదే. నిజామాబాద్ బీడీ కార్మికురాలు కూలి వదులుకుని రాజమండ్రి వెళ్లి వీరేశలింగం ఇల్లు చూడగలదా?

అయితే కెమెరా ఏ గదిలో ఆగుతుంది? 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించినందుకు వెలివేశారు. వంటకూ నీళ్లకూ మనిషి రాలేదు. గోదావరి నీళ్లు మోసి, వండి వడ్డించింది ఆయన భార్య రాజ్యలక్ష్మి. ఆయన గది చూపి, ఆమె వంటిల్లు దాటేస్తే అది సగం చరిత్రే.

మన బోధన్ సంగతీ అంతే. 2015లో నిజాం షుగర్స్ మూతపడి జీతాలు ఆగినప్పుడు శక్కర్‌నగర్ క్వార్టర్లలో సంసారాలు ఈదింది స్త్రీలే. ఆ ఇళ్లనూ, వాళ్ల మాటలనూ ఇప్పుడే చిత్రీకరించాలి. గోడలు కూలాక చూపడానికేం మిగలదు.